కాగజీపురా నుంచి కాగజ్‌నగర్ దాకా



మనం కాగితం అంటాం. మరాఠీవారు కాగద్ అంటారు, ఉర్దూలో కాగజ్ అంటారు. మూడు మాటలకూ మూలం పారశీక భాషే. సుమారు రెండువేల ఏళ్ల క్రితం చైనాలో పుట్టిన ఈ విద్య మధ్య ఆసియా మీదుగా మన దేశానికి చేరింది.

కాగితం చరిత్రను చూపించే ప్రదర్శనశాలలు విదేశాల్లో ఉన్నాయి. అమెరికాలోని అట్లాంటాలో అలాంటిది ఒకటుంది. దానికి 1939లో అంకురార్పణ చేసిన డార్డ్ హంటర్ మన దేశమంతా తిరిగి, చేతి కాగితం చేసేవారి పనిని స్వయంగా చూసినవాడు. మనం మాత్రం అంత దూరం పోనక్కరలేదు. నాందేడ్‌లో రైలెక్కి ఔరంగాబాద్‌లో, అంటే నేటి ఛత్రపతి సంభాజీనగర్‌లో దిగితే చాలు. వేరూళ్ గుహలకూ, ఘృష్ణేశ్వరుని దర్శనానికీ వెళ్లే దారిలో, దౌలతాబాద్ కోట దాటాక కాగజీపురా అనే ఊరు వస్తుంది. మనవాళ్లు చాలామంది ఆ ఊరి మీదుగానే వెళతారు గాని, దిగి చూసేవారు తక్కువ.

1327 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చాడు. కాగితం చేసే కాగజీలు ఆ కాలంలోనే ఇక్కడ స్థిరపడ్డారని చెబుతారు. వారు పాత గుడ్డపీలికలను, జనపనార తాళ్లను, గోనెసంచులను సున్నపు నీళ్లలో నానబెట్టేవారు. మెత్తగా దంచి, కడిగి, తొట్టిలోని నీళ్లలో కలిపేవారు. చెక్క చట్రం మీద పరచిన సన్నని గడ్డిచాపను ఆ నీళ్లలో ముంచి పైకెత్తితే, నీరు కారిపోయి పలుచని పొర నిలిచేది. దాన్ని గోడకు అతికించి ఆరబెట్టి, గంజి పట్టించి, నున్నని రాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. ఈనాడు ఆ పనిలో మిగిలినవారు బహు కొద్దిమంది.

తెలుగు సీమలో కోరుట్ల కూడా చేతి కాగితానికి పేరుపొందిన ఊరే. తర్వాత యంత్రాల కాలం వచ్చింది. 1938లో నిజాం రాజ్యంలో సిర్పూర్ పేపర్ మిల్లు ఏర్పడింది. ఆదిలాబాద్ అడవుల వెదురు దానికి ముడిసరుకు. మిల్లు వచ్చాక కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్ అయింది. 2014లో మూతపడి వేలమందిని వీధిన పడేసిన ఆ మిల్లు 2018లో మళ్లీ తెరుచుకుంది. 1956 దాకా నాందేడ్, దౌలతాబాద్, కాగజ్‌నగర్ అన్నీ ఒకే హైదరాబాదు రాష్ట్రంలోనివే. కనుక ఇది మనందరి ఉమ్మడి చరిత్ర.

ఇక్కడొక సందేహం వస్తుంది. నిన్నటి వార్తాపత్రిక నెల తిరక్కుండా పసుపుబారుతుంది, తాతలనాటి దస్తావేజు ఇంకా గట్టిగా ఉంటుంది. ఎందుకని? వార్తాపత్రిక కాగితంలో కలపలోని లిగ్నిన్ అనే పదార్థం ఉండిపోతుంది. ఎండ, గాలి తగిలితే అది రంగు మారుతుంది. పాత మిల్లు కాగితాల్లో సిరా పీల్చకుండా వాడిన పటిక వల్ల ఆమ్లం పుట్టి, కాగితం పెళుసెక్కేది. చేతి కాగితంలోని నార పొడవైనది, బలమైనది. సున్నపు శేషం ఆమ్లాన్ని విరిచేస్తుంది.

కాబట్టి అసలు ప్రదర్శనశాల మీ ఇంటి అటక మీదే ఉండవచ్చు. బిలోలీ, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు పాత ఇళ్లలో ఉర్దూలో, మోడీ లిపిలో, తెలుగులో రాసిన దస్తావేజులు, వ్యాపారుల వహీలు దొరుకుతాయి. ఒక కాగితం తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సన్నని గీతలు కనిపిస్తే అవి గడ్డిచాప ముద్రలు కావచ్చు. ఏటవాలుగా చూసినప్పుడు మెరిస్తే అది రాతి మెరుగు.

మనకు చదవరాని లిపి అని వాటిని రద్దీవాడికి తూకానికి వేయకండి. టేపు అతికించకండి, లామినేషన్ చేయించకండి. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, తేమ, చెదలు తగలని చోట దాచండి. ఆ లిపి చదవగల పెద్దలు ఊళ్లో ఉంటే, వారుండగానే చూపించి, అందులో ఏముందో రాయించుకోండి. కాగితం ఇంకో వందేళ్లయినా ఉంటుంది, చదివి చెప్పేవారు అంతకాలం ఉండరు గదా!