గాలివాటం నేర్చే పిల్లలు

మండపేట పరిసరాలలో పుట్టిన బిడ్డకు నీరు నిత్యదృశ్యం. బడికి పోయే దారిలో కాలువ, పొలానికి పోయే దారిలో బోదె, చుట్టాల ఊరికి పోవాలంటే వంతెన. ఇంత నీటి నడుమ పెరుగుతున్న మన సంతానానికి నీటిని గురించి మనం చెప్పే పాఠం మాత్రం ఒక్కటే: కాలువ దగ్గరకు పోకు. ఆ భయానికి కారణం లేకపోలేదు. వేసవి సెలవులలో స్నానానికి దిగి తిరిగి రాని పిల్లల వార్త ఏదో ఒక ఊరి నుండి వస్తూనే ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, గోదావరి పోటెత్తి ప్రవహిస్తున్న వేళ, పర్యాటకుల లాంచీ మునిగి పదుల కొద్దీ ప్రాణాలు పోయిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు.

అయినను మేమొక మాట అడుగదలచాము. భయం ఒక్కటే బిడ్డను కాపాడగలదా? నీటి స్వభావమూ గాలి స్వభావమూ ఎరిగిన పిల్లవాడు ఎక్కడ దిగకూడదో కూడా ఎరుగుతాడు. ఏమీ ఎరుగనివాడు తోటివారు పిలిస్తే దిగుతాడు. ఆ ఎరుకను క్రమపద్ధతిలో కలిగించే విద్యలలో చిన్న తెరచాప పడవ నడపడం ఒకటి. ఇది సంపన్నుల వినోదమని మనవారిలో చాలామంది తలుస్తారు. ఈ తలపు సరికాదని హైదరాబాదు నగరంలోనే రుజువయింది.

హుస్సేన్ సాగర్‌లో 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, పేద కుటుంబాల పిల్లలను, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను చేరదీసి తెరచాప పడవ నేర్పుతూ వచ్చింది. అంతకు ముందు పడవను దగ్గరగా చూసి ఎరుగని బాలబాలికలు అక్కడ శిక్షణ పొంది జాతీయ స్థాయి పోటీలలో పతకాలు గెలిచారు. ఏటా వర్షాకాలంలో, నైరుతి గాలి బలంగా వీచే జూలైలో, అక్కడ మాన్సూన్ రెగెట్టా పేరుతో పోటీలు జరుగుతాయి. మరొక ఉదాహరణ. 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బాలికల విభాగంలో రజతం సాధించిన నేహా ఠాకుర్, సముద్రమే లేని మధ్యప్రదేశ్‌లో ఒక రైతు బిడ్డ. ఆమె నేర్చుకున్నది భోపాల్ చెరువులో. అదే రోజు తెరచాప పలక పోటీలో ఇబాద్ అలీ కాంస్యం గెలుచుకున్నాడు. చెరువు చాలిన చోట, అఖండ గోదావరి చాలదా?

నిజానికి ఈ విద్య మనకు పరాయిది కాదు. 17వ శతాబ్దంలో నరసాపురం రేవు ఓడల నిర్మాణానికి పేరుపొందింది. గోల్కొండ రాజ్యపు ఓడలు మచిలీపట్నం నుండి ఎర్రసముద్రపు రేవులకు సాగేవి. 1839 నాటి తుపాను ధ్వంసం చేసేవరకు కోరంగి పెద్ద రేవు. దాని పక్కనే ఉన్న తాళ్ళరేవులో కొయ్య ఓడలు కట్టే పనితనం మొన్నమొన్నటి దాకా నిలిచింది. 1847-52 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట లేచిన తరువాత కాలువలే రహదారులయ్యాయి. ధాన్యం పడవకు గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. పడవలు పోయాయి గాని ‘లాకులు’ అన్న మాట మన ఊళ్ళలో ఇంకా మిగిలి ఉంది. మన ఇళ్ళలో ఉర్దూలో పలికే ‘మౌసమ్’ సైతం అరబ్బు నావికుల మాటే. ఓడలు బయలుదేరే రుతువును వారు ‘మౌసిమ్’ అన్నారు, ఆంగ్లంలోని ‘మాన్సూన్’ దాని నుండే పుట్టింది. 15వ శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ నక్షత్రాలను, గాలులను, తీరపు గుర్తులను వివరిస్తూ నౌకాయానంపై గ్రంథమే రచించాడు. కడలిపై సాగే ఓడలను దివ్య ఖుర్ఆన్ దైవ నిదర్శనాలలో ఒకటిగా పలుమార్లు ప్రస్తావించిన సంగతి పాఠకులకు తెలిసినదే.

ఇక పడవ సంగతి. పిల్లలు తొలుత ఎక్కేది ‘ఆప్టిమిస్ట్’ అనే బుల్లి పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిపుణుడు దీనిని పిల్లల కోసమే రూపొందించాడు. పొడవు సుమారు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, ఒకే తెరచాప. 15 ఏళ్ళ వరకు ఒక్కరే నడిపే పడవ. తండ్రీ బిడ్డా కలిసి కూర్చోవాలంటే ‘ఎంటర్‌ప్రైజ్’ వంటి ఇద్దరి పడవ కావాలి. అది 4 మీటర్లు ఉంటుంది, రెండు చక్రాల బండి మీద ఎక్కించి కారు వెనుక కట్టి తీసుకుపోవచ్చు. ట్రాక్టరుకు తొట్టి తగిలించడం తెలిసిన మన రైతుకు ఆ పని ఎవరూ నేర్పనక్కరలేదు.

గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా తిన్నగా పోలేదు. పిల్లలు మొదట తెలుసుకునేది ఇదే. గాలి వచ్చే దిక్కుకు దాదాపు 45 డిగ్రీల ఓరగా కొంతదూరం పోయి, చుక్కాని తిప్పి, తెరచాపను రెండో పక్కకు మార్చి, మళ్ళీ ఓరగా పోవాలి. ఇలా వంకరటింకరగా సాగి ఎదుటి గట్టు చేరాలి. పడవ అడుగున నీటిలోకి దించే పలక లేకపోతే గాలి దానిని పక్కకు నెట్టుకుపోతుంది. గాలి ఉధృతమైతే చేతిలోని తాడు వదిలితే చాలు, తెరచాప రెపరెపలాడి పడవ నెమ్మదిస్తుంది. భయపడిన పిల్లవాడు సహజంగా తాడును బిగించి పట్టుకుంటాడు, పడవ ఒరిగిపోతుంది. వదలడం నేర్చుకోవడానికే చాలామందికి వారాలు పడుతుంది. గాలివాటం చూసి నడిచేవాడని మనం అవకాశవాదిని నిందిస్తాము. నీటి మీద మాత్రం గాలివాటం చూడనివాడు అవివేకి.

మంచి శిక్షకులు తొలి రోజులలోనే పడవను కావాలని బోల్తా కొట్టిస్తారు. లైఫ్ జాకెట్ వేసుకున్న పిల్లవాడు పడవను వదలకుండా దాని చుట్టూ ఈది, అడుగు పలకపై బరువు మోపి దానిని నిలబెట్టి, ఎక్కి, నీళ్ళు తోడిపోయాలి. ఒకసారి ఇది చేసిన బిడ్డకు బోల్తా అంటే బెదురు సగం తీరుతుంది. పడవ తేలుతున్నంతవరకు దానిని విడిచి గట్టుకు ఈదరాదన్న నియమం పెద్దలకు కూడా పనికివచ్చేదే.

మండపేటలో ఈ విద్య నేర్పే పాఠశాల లేదు. మన కాలువలు ఇందుకు ఇరుకు, పైగా వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి. ఎవరైనా పూనుకుంటే సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని రాజమహేంద్రవరం దగ్గరి విశాల జలాలకు పోవాలి. బారేజీ ఛాయలకు ఎన్నడూ పోరాదు. గేట్ల వైపు లాగే ప్రవాహానికి తెరచాప బదులు చెప్పలేదు. జూలై నుండి అక్టోబరు దాకా వరద నీటిలో దిగరాదు. హుస్సేన్ సాగర్‌కు జూలై గాలి వరమైతే గోదావరికి ఆ నెల గండం. మనకు అనువైనది చలికాలం, ఎండాకాలపు తొలి భాగం. వేసవిలో అస్ర్ వేళకు సముద్రం వైపు నుండి గాలి లేస్తుంది, పొద్దు వాలేసరికి తగ్గుతుంది. మగ్రిబ్‌కు చాలా ముందే గట్టు చేరేలా బయలుదేరాలి. గాలి పడిపోయిన నదిలో చీకటిపడితే తెడ్డే దిక్కు.

ఇంకొక అపాయం నీటిలో లేదు, దారిలో ఉంది. తెరచాప నిలిపే స్తంభం తరచుగా అల్యూమినియంది. దానిని నిలబెట్టి ఉంచి బండిని కదిలిస్తే పైనున్న కరెంటు తీగకు తగలవచ్చు. మన రోడ్ల మీద, చేల గట్ల మీద తీగలు ఎంత కిందికి వేలాడతాయో వరికోత యంత్రం నడిపేవారిని అడగండి. స్తంభం పడుకోబెట్టి కట్టిన తరువాతనే బండి కదలాలి.

ఆడపిల్లల విషయమై తల్లులు సందేహిస్తారు. ఎండ తగలకుండా మెడ నుండి మణికట్టు వరకు, కాలి మడమ వరకు కప్పే దుస్తులు ఈ క్రీడలో చాలామంది ధరిస్తారు. దానిపై లైఫ్ జాకెట్, తలకు బిగువైన వస్త్రం. హయాకు భంగం లేదు. వదులుగా వేలాడే చున్నీ మాత్రం తాళ్ళలో చిక్కుకుంటుంది కనుక పనికిరాదు. బాలికలకు మహిళా శిక్షకురాలు కావాలని కోరడం న్యాయమైన కోరికే, ఆ కోరికను నిర్వాహకుల ముందు నిస్సంకోచంగా పెట్టాలి.

ఆసక్తి గల కుటుంబాలు ముందుగా పడవ కోసం డబ్బు కూడబెట్టవద్దు. ఈ సెలవులలో బిడ్డకు ఈత నేర్పండి. లాకుల దగ్గర, తూముల దగ్గర కాక, లోతు తెలిసిన నిలకడ నీటిలో, ఈత వచ్చిన పెద్దవారు పక్కనుండగా నేర్పండి. లైఫ్ జాకెట్ పట్టీలు తానే బిగించుకోవడం, ఊడని ముడి కళ్ళు మూసుకుని వేయడం ఇంట్లోనే అభ్యసించవచ్చు. మేడ మీద ఒక గుడ్డపీలిక కట్టి గాలి ఏ వైపు నుండి వస్తున్నదో రోజూ ఉదయం, అస్ర్ వేళ పుస్తకంలో రాయించండి. నెల తిరిగేసరికి మండపేట గాలి ఏ పూట ఎటు తిరుగుతుందో ఆ బిడ్డే మీకు చెబుతాడు. హైదరాబాదుకు ఉత్తరం రాయడం ఆ తరువాతి పని.