పాపికొండల విహారయాత్ర

పాపికొండలు తూర్పు కనుమలలో గోదావరి నదికి ఇరువైపులా ఉన్న పర్వత శ్రేణి. ఈ కొండల నడుమ సాగే లాంచీ ప్రయాణము, దారిలో పేరంటపల్లి వద్ద కొండపై నుండి జాలువారే చిన్న జలపాతము ప్రసిద్ధి చెందినవి. ఈ ప్రాంతాన్ని 2008లో జాతీయ వనముగా ప్రకటించారు.

పేరు

స్త్రీ తలలోని పాపిడివలె నది కొండలను రెండుగా చీల్చుచున్నందున వీనిని "పాపిడి కొండలు" అనేవారని, అదే పాపికొండలు అయినదని చెబుతారు. చూచిన వారికి ఈ వ్యుత్పత్తి సరియైనదే అనిపిస్తుంది.

నదీ స్వరూపము

రాజమండ్రి వద్ద గోదావరి వెడల్పు రెండున్నర కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పి.గన్నవరం అక్విడక్టు మీద నుండి వైనతేయను రోజూ చూచే కోనసీమ వాసులకు కూడా గోదావరి అనగా ఇసుక తిన్నెల మధ్య పరచుకొన్న నీరే. అదే నది పాపికొండల వద్ద కొన్ని వందల గజాలకు కుదించుకొనిపోతుంది. వెడల్పు తగ్గినందున లోతు పెరుగుతుంది. వేసవిలో నీరు నిశ్చలముగా కనిపిస్తుంది. వరద వచ్చినపుడు మాత్రము అంత నీరూ ఆ ఇరుకు దారిలోనే పోవలెను గనుక వేగము, సుడులు ఎక్కువవుతాయి. యాత్రికులు మెచ్చుకొనే ఇరుకే వరదకాలములో ప్రమాదహేతువు.

పేరంటపల్లి

లాంచీలు ఆగే ముఖ్య ప్రదేశము ఇది. బాలానంద స్వామి స్థాపించిన రామకృష్ణ మునివాటము, శివాలయము ఇక్కడ ఉన్నాయి. ఆశ్రమము ప్రక్కనే కొండవాగు రాళ్ళమీదుగా దిగి వస్తుంది. పెద్ద జలపాతమేమీ కాదు. ఎత్తును ఊహించుకొని వెళ్ళినవారు నిరాశ పడవచ్చును. చెట్ల నీడలో ఆ నీటి చల్లదనమే అక్కడి విశేషము. పరిసరాలలో కొండరెడ్లు నివసిస్తారు. వారు వెదురుతో చేసిన వస్తువులను యాత్రికులకు అమ్ముతారు.

ప్రయాణ మార్గము

పూర్వము పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల నుండి లాంచీలు బయలుదేరేవి. పోలవరం ప్రాజెక్టు నిర్మాణము వలన ఆ నదీమార్గము మూసుకొనిపోయినది. ఇప్పుడు కోనసీమ నుండి వచ్చేవారు రాజమండ్రి మీదుగా రోడ్డున గండి పోచమ్మ ఆలయము వరకు వెళ్ళి, అక్కడ లాంచీ ఎక్కాలి. భద్రాచలం వైపు వారికి పోచవరం రేవు అనుకూలము. ప్రాజెక్టు వెనుక నీటిమట్టము పెరిగి దేవీపట్నం మొదలైన గ్రామాలు ముంపునకు గురయినాయి. ఒడ్డున నేడు ఖాళీగా కనిపించే చోట్ల పలుమార్లు ఊళ్ళుండేవని యాత్రికులు గుర్తించరు.

కచ్చులూరు ప్రమాదము

2019 సెప్టెంబరు 15న నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించుచుండగా, 77 మందితో వెళ్ళుచున్న "రాయల్ వశిష్ఠ" బోటు దేవీపట్నం మండలములోని కచ్చులూరు వద్ద మునిగినది. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది మాత్రమే. ఒడ్డునున్న గిరిజనులు తమ పడవలలో వెళ్ళి వారిని రక్షించారు. ధర్మాడి సత్యం బృందము అక్టోబరు 22న బోటును వెలికితీసినది. ప్రమాదము తరువాత నిలిపివేసిన యాత్రలు 2021లో తిరిగి ఆరంభమయినాయి.

వరద సమయములో బోట్లను అనుమతించరు. శీతాకాలము యాత్రకు అనువైనది. లైఫ్ జాకెట్టును ఫొటో కొరకు ధరించి తరువాత విప్పివేయుట చాలామందికి అలవాటు. దిగేవరకు దానిని ఒంటిమీదనే ఉంచుకోవాలి. అందరూ ఒకేసారి ఒక ప్రక్కకు చేరకూడదు.