నెలకు ఎన్ని పాకెట్ల నూనె?

హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ దగ్గర రావల్కోల్ అనే ఊరుంది. ఆ ఊళ్ళో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఇంట్లో నలుగురు మనుషులు: నానమ్మ, నాన్న, అమ్మ, తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి. నాన్నది మేడ్చల్‌లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు పరీక్ష చేసి, "రక్తపుపోటు పెరుగుతోంది. ఎనిమిది కిలోలైనా బరువు తగ్గాలి. ముందు మీ ఇంట్లో నూనె సంగతి చూసుకోండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. "బావా, పొద్దుతిరుగుడు నూనె తేలిక. ఇకనుంచి అదే వాడండి" అన్నాడు అప్పుడే వచ్చిన మేనమామ. "గానుగ నూనె తెచ్చుకోండి, ఎంత తిన్నా ఏమీ కాదు" అన్నది పక్కింటావిడ. "మా కాలంలో అందరం నువ్వుల నూనే తిన్నాం. ఎవరికి వచ్చాయి ఈ పొట్టలు?" అన్నది నానమ్మ. ఇవన్నీ విని నాన్నకు విసుగొచ్చింది. "రేపటినుంచి నా కూరలో ఒక్క చుక్క నూనె కూడా వెయ్యొద్దు" అని తేల్చేశాడు. "అట్లాగే! రేపు కూర మాడిందని మళ్ళీ నన్నే అంటారు" అన్నది అమ్మ.

అప్పుడు అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "అసలు మనం నెలకు ఎంత నూనె వాడుతున్నాం?"

ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఏ నూనె మంచిదో అందరికీ తెలుసు; ఎంత వాడుతున్నారో మాత్రం ఒక్కరికీ తెలియదు! బరువు తగ్గాలనుకునేవారికి ఈ రెండో సంగతే ముఖ్యం. ఎందుకో చూద్దాం.

అన్ని నూనెలకూ ఒకటే లెక్క

ఆహారం మనకిచ్చే శక్తిని కేలరీలలో కొలుస్తారని మీకు తెలుసు. (భౌతికశాస్త్రంలో కిలోకేలరీ అనేదాన్నే ఆహారశాస్త్రంలో వాడుకగా కేలరీ అంటారు.) ఒక గ్రాము పిండిపదార్థం సుమారు 4 కేలరీలిస్తుంది. ఒక గ్రాము మాంసకృత్తులూ అంతే. కాని ఒక గ్రాము నూనె 9 కేలరీలిస్తుంది. అంటే రెట్టింపుకు పైమాటే!

ఎందుకింత తేడా? పిండిపదార్థాల అణువులలో కర్బనం, హైడ్రోజన్‌లతోపాటు ఆక్సిజన్ కూడా బాగా ఉంటుంది. మండటమంటే ఆక్సిజన్‌తో కలవటమే గదా! కాబట్టి పిండిపదార్థం సగం కాలిన కట్టె వంటిది. నూనె అణువులో ఆక్సిజన్ చాలా తక్కువ. అది ఇంకా అంటుకోని ఎండుకట్టె. అందుకే దానినుంచి ఎక్కువ శక్తి వస్తుంది.

పల్లినూనె, నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనె, తవుడు నూనె, కొబ్బరినూనె, ఆలివ్ నూనె – వీటన్నిటి నిర్మాణమూ ఒకే మాదిరిగా ఉంటుంది. గ్లిసరాల్ అనే చిన్న అణువుకు మూడు పొడవైన క్రొవ్వు ఆమ్లాల గొలుసులు తగిలించి ఉంటాయి. ఇదే నూనె అణువు. గానుగలో ఆడించినా, మిల్లులో శుద్ధిచేసినా ఈ నిర్మాణం మారదు. శుద్ధిచేస్తే రంగు, వాసన, కొన్ని ఇతర పదార్థాలు పోతాయి, కేలరీలు పోవు. చేతికి పలచగా తగిలే నూనె అయినా, చిక్కగా తగిలే నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. "తేలిక నూనె" అన్న మాట నాలుకకు సంబంధించినది. నడుము చుట్టుకొలతకు ఆ తేడా తెలియదు!

మరి నూనెల మధ్య తేడాలే లేవా? ఉన్నాయి. ఆ మూడు గొలుసులలో ఏ రకం క్రొవ్వు ఆమ్లాలున్నాయన్నదే తేడా. కొబ్బరినూనెలో సంతృప్త ఆమ్లాలు సుమారు తొంభై శాతం. పామాయిల్‌లో దాదాపు సగం. పల్లి, నువ్వుల, తవుడు నూనెలలో అసంతృప్త ఆమ్లాలు ఎక్కువ. సోయా, ఆవనూనెలలో ఆల్ఫా లినోలెనిక్ అనే అవసరమైన ఆమ్లం కొంత ఉంటుంది. పొద్దుతిరుగుడులో అది లేనట్లే. సంతృప్త ఆమ్లాలు మితిమీరితే రక్తంలో కొలెస్టరాల్ పెరుగుతుంది. ఏ ఒక్క నూనెలోనూ అన్నీ సరైన పాళ్ళలో ఉండవు కాబట్టి, ఎప్పుడూ ఒకే నూనె కాకుండా రెండు మూడు రకాలు మార్చి మార్చి వాడటం మంచిదని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇది గుండె ఆరోగ్యానికి పనికివచ్చే సలహా. బరువు లెక్క మాత్రం వేరు.

ఇంకొక తమాషా చూడండి. కొన్ని నూనె పాకెట్ల మీద "కొలెస్టరాల్ లేదు" అని గొప్పగా రాసి ఉంటుంది. మొక్కలనుంచి వచ్చే ఏ నూనెలోనూ చెప్పుకోదగినంత కొలెస్టరాల్ ఉండదు. అరటిపండు మీద "ఇందులో ఎముకలు లేవు" అని రాసినట్లుంది గదూ!

చుక్క కూడా వద్దంటే?

అయితే నాన్న అన్నట్లు నూనె పూర్తిగా మానేస్తే సరిపోదా? సరిపోదు. 1929లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో జార్జి బర్, మిల్డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు క్రొవ్వు బొత్తిగా లేని ఆహారం పెట్టి చూశారు. మిగిలినవన్నీ సమృద్ధిగా పెట్టినా ఆ ఎలుకల ఎదుగుదల ఆగిపోయింది. చర్మం పొలుసులు కట్టింది. ఆహారంలో కొద్దిపాటి తగిన క్రొవ్వు చేర్చగానే అవి కోలుకున్నాయి. కొన్ని క్రొవ్వు ఆమ్లాలను శరీరం తనంతట తాను తయారు చేసుకోలేదని, వాటిని ఆహారంతోనే అందించాలని ఈ పరిశోధనల వల్ల తెలిసింది. లినోలెయిక్ ఆమ్లం అటువంటిది.

అంతేకాదు, ఎ, డి, ఇ, కె విటమినులు నీటిలో కరగవు, క్రొవ్వులో కరుగుతాయి. తోటకూర, మునగాకు, క్యారట్లలో ఉండే కెరోటిన్‌నుంచి మన శరీరం విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. ఆ కెరోటిన్ పేగులనుంచి రక్తంలోకి చేరాలంటే భోజనంలో కాస్తయినా క్రొవ్వు ఉండాలి. అంటే ఆకుకూరలో అమ్మ పెట్టే పోపు రుచికోసం మాత్రమే కాదన్నమాట.

మరి ఎంత?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే సంస్థ మనకు దగ్గరలోనే, హైదరాబాదు తార్నాకలో ఉంది. అదే జాతీయ పోషకాహార సంస్థ. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధనే దీనికి మూలం. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది.

ఈ సంస్థ 2024లో భారతీయులకోసం ఆహార సూచనలను సవరించి ప్రచురించింది. రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునే మనిషికి ఒక నమూనా పళ్ళెం అందులో ఉంది. దాని ప్రకారం నూనె, నెయ్యి వంటివన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు. ఇది కంటికి కనిపించే క్రొవ్వు. పాలలో, పల్లీలలో, కొబ్బరిలో, మాంసంలో దాగి ఉండే క్రొవ్వు దీనికి అదనం.

27 గ్రాములంటే ఎంత? మందు సీసాతోపాటు వచ్చే కొలత మూత మీద 5 మిల్లీలీటర్ల గీత ఉంటుంది. ఆ గీతదాకా పోస్తే సుమారు నాలుగున్నర గ్రాముల నూనె, అంటే 40 కేలరీలు. అటువంటివి ఆరు కొలతలు. పొద్దుటి టిఫిను, మధ్యాహ్నం కూర, రాత్రి కూర, అన్నింటికీ కలిపి ఆరు!

పాకెట్ల లెక్క

ఇప్పుడు రావల్కోల్ ఇంటికి వద్దాం. అమ్మాయి కిరాణా చీటీలు వెతికి చూస్తే నెలకు ఆరు లీటరు పాకెట్లు వస్తున్నాయని తేలింది. నూనె నీటికన్నా తేలిక గదా! లీటరు నూనె 1000 గ్రాములుండదు. సుమారు 910 గ్రాములుంటుంది. పాకెట్టు మీద ఈ అంకె చూడవచ్చు.

ఆరు పాకెట్లు అంటే 5460 గ్రాములు. దానిని నలుగురు మనుషులతో, ముప్ఫై రోజులతో భాగిస్తే తలకు రోజుకు 45 గ్రాముల పైచిలుకు. కేలరీలలో 410.

నెలకు నాలుగు పాకెట్లతో సరిపెట్టుకుంటే? తలకు రోజుకు 30 గ్రాములు. అంటే రోజుకు దాదాపు 137 కేలరీలు తగ్గుతాయి. నెలకు 4100. ఒక కిలో శరీరపు క్రొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీల లోటు కావాలి. కాబట్టి నాన్న బరువు నెలకు అర కిలో తగ్గాలి. ఇది కాగితం మీది లెక్క. నూనె తగ్గించి ఆ లోటును ఇంకో గరిటె అన్నంతో పూడ్చుకుంటే ఏమీ తగ్గదు. బరువు తగ్గేకొద్దీ శరీరానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి పోనుపోను వేగం మందగిస్తుంది. అయినా ఒక పూట కూడా పస్తుండకుండా దక్కే లాభమిది. అరవై కిలోల మనిషి అన్ని కేలరీలు ఖర్చు చెయ్యాలంటే అరగంటకు పైగా వడివడిగా నడవాలి. రెండూ కలిపి చేస్తే మరీ మంచిది.

మూకుడులో ఏం జరుగుతుంది?

రెండు పాకెట్లు తగ్గించటం ఎట్లా? ముందు, వేయించేటప్పుడు జరిగే సంగతి తెలుసుకోవాలి. గారెను కాగిన నూనెలో వెయ్యగానే బుడగలు వస్తాయి. అవి గారెలోని నీరు ఆవిరై బయటికి రావటం వల్ల పుట్టినవి. ఆవిరి బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి పోవటం కష్టం. గారెను పైకి తియ్యగానే అది చల్లబడుతుంది; లోపలి సందులలోని ఆవిరి నీరైపోతుంది; ఆ ఖాళీలోకి పైన అంటుకున్న నూనె పీల్చుకుపోతుంది. కాబట్టి తీసిన వెంటనే చిల్లుల గరిటెలో బాగా ఓడ్చాలి. నూనె సరిగా కాగకముందే వేస్తే పైపొర గట్టిపడటం ఆలస్యమై, పిండి నూనెలో ఎక్కువసేపు నానుతుంది. ఓడ్చి తీసినా వేపుడు వేపుడే. పండుగనాటి సకినాలు పండుగకు ఉంచుకోవటమే తెలివి.

వేయించగా మిగిలిన నూనెను పదేపదే కాచటం మంచిది కాదు. వేడికి, గాలికి నూనె అణువులు చీలి, ఒకదానితో ఒకటి అంటుకుని కొత్త పదార్థాలు పుడతాయి. నూనె నల్లబడి చిక్కనవటం, త్వరగా పొగరావటం దీనికి గుర్తులు. ఇటువంటి ధ్రువ పదార్థాలు 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై 1నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ఒకసారి కాగిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజులలో కూరలకు వాడేస్తే సరి.

మన వంటలలో నూనె అడగనివి ఎన్నో ఉన్నాయి. జొన్నరొట్టెకు నూనె అక్కరలేదు. పచ్చిపులుసుకు చిన్న పోపు చాలు. కూర ముక్కలను ముందు మూతపెట్టి ఆవిరి మీద మగ్గించి, చివర పోపు వేస్తే సగం నూనెతో మాడకుండా ఉడుకుతుంది. అమ్మ భయానికి ఇదే జవాబు.

మీకు ఒక హెచ్చరిక

మీరు ఎదిగే వయసులో ఉన్నారు. పెద్దల బరువు లెక్కలు చూసి మీరు అన్నం, నూనె మానుకోవద్దు. మీ బరువు గురించి అనుమానముంటే ఇంట్లో పెద్దలతో కలిసి డాక్టరును అడగండి.

మీరే చేసి చూడండి

1. ఒక పల్లీ గింజను తెల్ల కాగితం మీద పెట్టి నలపండి. ఇంకోచోట ఒక నీటిచుక్క వెయ్యండి. గంట తరువాత కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. నీటి మరక ఆరిపోతుంది. పల్లీ మరకలోనుంచి మాత్రం వెలుతురు కనిపిస్తుంది. దాగిన నూనె అదే! జొన్నగింజ నలిపి కూడా చూడండి.

2. ఈసారి నూనె పాకెట్టు విప్పిన రోజున దాని మీద పెన్నుతో తేదీ వెయ్యండి. 910ని 27తో భాగిస్తే సుమారు 34 వస్తుంది. ఆ 34ను మీ ఇంట్లో మనుషుల సంఖ్యతో భాగించండి. లీటరు పాకెట్టు అన్ని రోజులు రావాలి. నలుగురుంటే ఎనిమిది రోజులు, ఐదుగురుంటే దాదాపు వారం.

రావల్కోల్ ఇంట్లో మునుపు పాకెట్టు ఐదు రోజులకే అయిపోయేది. ఇప్పుడు నూనె గిన్నె పక్కన మందు సీసా మూత ఒకటి చేరింది. మొదటి పాకెట్టు ఆరు రోజులు వచ్చింది, రెండోది ఏడున్నర. నాన్న తూకం యంత్రం ఎక్కటానికి ఇంకా మూడు వారాలుంది. పాకెట్టు మీది తేదీ మాత్రం అమ్మాయి రోజూ చూస్తూనే ఉంది.