పార్టీ నాయకుణ్ణి తేల్చేది ఎవరు?

2022 మే 28న ఒంగోలులో తెలుగుదేశం మహానాడు జరిగింది. మన మొవ్వకి దగ్గర్లోని నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ జయంతి కూడా ఆ రోజే. సరిగ్గా అదే రోజు పోర్చుగల్‌లో పీఎస్‌డీ అనే పార్టీ కొత్త నాయకుడి కోసం ఓటింగ్ పెట్టుకుంది. పేరుకి సోషల్ డెమోక్రటిక్ పార్టీయే గానీ, అక్కడి రాజకీయాల్లో దానిది మధ్యకి కాస్త కుడివైపు స్థానం. పోటీలో లూయిస్ మోంటెనెగ్రో గెలిచాడు. 2024లో దేశ ప్రధాని అయ్యాడు.

ఆ ఎన్నికలో ఓటేసింది ఎంపీలు కాదు, చందా సక్రమంగా కట్టిన మామూలు సభ్యులు. 2006 నుంచి ఆ పార్టీలో ఇదే పద్ధతి. 2020లో ముగ్గురు పోటీ చేస్తే మొదటి రౌండ్‌లో ఎవరికీ సగం ఓట్లు రాలేదు. వారం తర్వాత మళ్లీ ఓటింగ్ పెట్టారు. అప్పుడు రుయి రియో మీద ఓడిపోయింది ఈ మోంటెనెగ్రోయే.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగుదేశంలో రెండుసార్లు నాయకత్వం కోసం పెద్ద గొడవ జరిగింది. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని తప్పించి నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చేశారు. ఎమ్మెల్యేలు చేజారకుండా ఎన్టీఆర్ వర్గం వాళ్లని కర్ణాటకలో శిబిరం పెట్టి కాపాడుకుంది. జనం రోడ్లమీదికొచ్చారు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ కుర్చీలో ఉన్నారు.

1995లో కథ తిరగబడింది. అంతకుముందు ఏడాదే 294 స్థానాల్లో రెండొందలకు పైగా గెలిపించిన నాయకుడాయన. అయినా ఆగస్టులో మెజారిటీ ఎమ్మెల్యేలు అల్లుడు చంద్రబాబు వైపు, హైదరాబాద్ వైస్రాయ్ హోటల్‌కి చేరారు. లక్ష్మీపార్వతి జోక్యం నుంచి పార్టీని కాపాడుకుంటున్నామని వాళ్లన్నారు. ఇది వెన్నుపోటని ఎన్టీఆర్ అన్నారు. సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు.

ఎవరిది న్యాయం అన్న చర్చ మన ఊళ్లలో ఇప్పటికీ తెగదు. దాన్ని కాసేపు పక్కన పెట్టి లెక్క చూడండి. సభలో మెజారిటీ ఎవరి వెనక ఉంటే ముఖ్యమంత్రి వాళ్లే. అంటే శాసనసభా పక్షం తలల లెక్కే అన్నీ తేల్చేస్తుంది. 1983లో, 1985లో ఎన్టీఆర్‌ని గెలిపించిన గుడివాడ ఓటరుకి గానీ, జెండా మోసిన కార్యకర్తకి గానీ 1995లో ఓటు లేదు. అందుకే పోరాటం హోటల్ గదుల్లో జరిగింది.

మరి పార్టీ అధ్యక్షుడి సంగతేంటి? ఎక్కువగా ఏకగ్రీవమే. 2025 కడప మహానాడులో చంద్రబాబు ఎన్నికా అంతే. 2022 జులై ప్లీనరీలో వైసీపీ ఇంకో అడుగు ముందుకేసి జగన్‌ని శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకుంది. శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది.

సభ్యుల ఓటింగ్ వస్తే అన్నీ సర్దుకుంటాయని కాదు. పీఎస్‌డీలో 2018, 2020, 2021, 2022ల్లో నాలుగుసార్లు పోటీ జరిగింది. నాయకుడైన రోజున మోంటెనెగ్రో ఎంపీ కూడా కాదు. పార్లమెంటులో ఉన్నవాళ్లంతా పాత నాయకుడి హయాంలో టికెట్ తెచ్చుకున్నవాళ్లు. ఇలాంటప్పుడు రెండు కుంపట్లు తప్పవు. కానీ ఓడినవాడికి మళ్లీ పోటీ చేసే దారి ఉంది. 2020లో ఓడిన మనిషే 2022లో గెలిచాడు. వేరే పార్టీ పెట్టుకోలేదు, క్యాంపు రాజకీయం నడపలేదు.

మన దగ్గర ఆ దారి లేదు. అందుకే ఇక్కడ అసమ్మతి అంటే చీలికో, ఫిరాయింపో, మౌనమో అవుతుంది. ఈసారి కాలేజీ గేటు దగ్గర ఏ పార్టీ వాళ్లు సభ్యత్వం రాయించుకోవడానికొచ్చినా, ఫోన్ నంబర్ ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: "అన్నా, ఈ కార్డుతో అధ్యక్షుడి ఎన్నికలో నాకు ఓటుంటుందా?"