నీళ్లు తాగే మంచు

సైబీరియాలోని యాకుత్స్క్ నగరంలో చాలా భవనాలు కాళ్ల మీద ఎందుకు నిలబడి ఉంటాయని ఒక పాఠకురాలు అడిగారు. కింద గడ్డకట్టిన నేల ఇంటి వేడికి కరిగి కుంగిపోకుండా మధ్యలో చలిగాలి ఆడనిస్తారని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అది సగం జవాబే. ఆ నేల కుంగడమే కాదు, లేస్తుంది కూడా!

వరసగా రెండేళ్లు, అంతకు మించి గడ్డకట్టే ఉన్న నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. యాకుత్స్క్‌లో షెర్గిన్ అనే వర్తకుడు 1828లో బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 1837 నాటికి 116 మీటర్లు దిగినా నీళ్లు పడలేదు, అడుగునా గడ్డకట్టిన నేలే. వేసవిలో కరిగేది పైపొర ఒక్కటే. చలికాలం రాగానే అదీ బిగుసుకుంటుంది, ఉబ్బుతుంది. చిక్కంతా దానితోనే.

నీరు మంచయితే 9 శాతం పెరుగుతుంది కదా, అందుకే ఉబ్బుతుందని చాలాకాలం అనుకున్నారు. లెక్క కట్టి చూడండి. మీటరు లోతు మట్టిలో సగం నీరే ఉందనుకున్నా నాలుగున్నర సెంటీమీటర్లకు మించి లేవకూడదు. నేల అంతకు ఎన్నో రెట్లు లేస్తుంది.

ఈ ముడి విప్పినవాడు, మంచు అరుదుగా కురిసే దక్షిణ కరోలినాలో భూగర్భశాస్త్రం బోధించిన స్టీఫెన్ టేబర్. 1930 ప్రాంతంలో ఆయన మట్టిని నీటికి బదులు బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. గడ్డకడితే బెంజీన్ కుంచించుకుపోతుంది. అయినా మట్టి లేచింది! ఎంత ముచ్చటైన ప్రయోగం! ఏళ్ల తరబడి నమ్మిన మాట ఒక్క దెబ్బకు పోయింది.

జరిగేదేమిటంటే, మట్టి రేణువుకూ మంచుకూ మధ్య పల్చని నీటి పొర ఒకటి సున్నా కిందికి వెళ్లినా గడ్డకట్టదు. మంచు ఆ పొరలోని నీటిని తనలో కలిపేసుకుంటుంది. తరిగిన నీటి కోసం పొర కింది తడిని పీల్చుకుంటుంది, ప్రమిదలో వత్తి నూనెను లాక్కున్నట్టు. అలా నీళ్లు తాగుతూ మంచు మందమెక్కి, పైనున్న మట్టిని ఎత్తేస్తుంది. ఆ నేలను కోసి చూస్తే మట్టి, మంచు, మళ్లీ మట్టి, మళ్లీ మంచు, పూతరేకుల్లా పొరలు పొరలు. ఆ మంచు దాదాపు స్వచ్ఛం. ముతక ఇసుకలో ఈ లాగుడు సాగదు, సన్నటి ఒండ్రులోనే దీని ప్రతాపమంతా.

లేచే పైపొర తనలో పాతిన గుంజనూ పట్టుకుని లాగుతుంది. వేసవిలో కరిగాక గుంజ కింది ఖాళీలో బురద చేరితే అది తిరిగి దిగదు. ఏటా కాస్త పైకొచ్చి, చివరికి పన్ను ఊడినట్టు ఊడుతుంది. అందుకే యాకుత్స్క్‌లో కాంక్రీటు స్తంభాలను పైపొర దాటించి, ఎన్నడూ కరగని నేలలోకి లోతుగా దించుతారు. వాటి పని ఇంటిని మోయడంతో తీరదు, పైకి లేవకుండా పట్టుకోవాలి కూడా.

పర్మాఫ్రాస్ట్ అనగానే మన పత్రికలు అది కరిగితే వెలువడే మీథేన్ దగ్గరే ఆగిపోతాయి. అక్కడి సఖా ప్రజల ఇంటి మాట ఎవరూ ఎత్తరు. వాళ్లు నేలలో బులూస్ అనే గది తవ్వి, చలికాలం చెరువులో కోసిన మంచు దిమ్మెలను దాస్తారు. వేసవిలో వాటిని కరిగించి తాగుతారు, టీ కాచుకుంటారు. నేల వెచ్చబడుతున్న చోట్ల ఇప్పుడు ఆ గదిలోకే నీళ్లు ఊరుతున్నాయి.