ముందు బాట, ఎన్క పైసలు, ఆఖరుకు బిల్డింగు

ఊర్ల ఇల్లు కట్టేటోడు మొదలే మేస్త్రీని పిలువడు. ఇంట్ల ఎంతమందిమి, చేతుల పైసలెన్ని, జాగ ఎంత అని లెక్కేసుకుంటడు. యూనివర్సిటీకి గూడ గదే లెక్క. దాన్నే పెద్ద మాటలల్ల వ్యూహ ప్రణాళిక, ఆర్థిక ప్రణాళిక, క్యాంపస్ ప్లాన్ అంటరు. ఎవలకు ఏం సదువు చెప్పాలె, పైసలు యాడికెళ్లి రావాలె, ఏ జాగల ఏం కట్టాలె అనేదే అసలు ముచ్చట. ఈ మూడిట్ల పొత్తు కుదరకపోతే ముందుగాల దెబ్బ తగిలేది ఊర్లకెళ్లి పోయి హాస్టల్ల ఉండి సదువుకునే మన పిల్లలకే.

ఉస్మానియానే సూద్దాం. పై సదువు ఇంగ్లీషుల గాదు, ఉర్దూల చెప్పాలన్నది అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నిర్ణయం. తెలుగు మాట్లాడే ఊర్లకు ఉర్దూ ఎంత దగ్గరన్నది వేరే ముచ్చట. కానీ ఆ బాటకు తగ్గట్టు పని నడిచింది. ఉర్దూల పుస్తకాలు కావాలె గద, అందుకే క్లాసులు షురూ కాకముందే, 1917లనే తర్జుమా దఫ్తరు పెట్టిన్రు. 1918ల గన్‌ఫౌండ్రీ కాడ యూనివర్సిటీ తెరిచిన్రు. క్యాంపస్ జాగ కోసం పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ ప్లానర్ సలహా తీసుకుంటే అడిక్‌మెట్ దిక్కు ఖాయమైంది. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్‌లను వేరే దేశాల యూనివర్సిటీలు సూసి రమ్మని పంపిన్రు. మనం ఫొటో దిగే ఆర్ట్స్ కాలేజీ తెరుసుకున్నది 1939 డిసెంబర్ 4న. అంటే 21 ఏండ్లకు. బిల్డింగు ఆఖరుకు వచ్చింది, బాట ముందుగాల పడ్డది.

ఇప్పుడు పైసల సంగతి. రాష్ట్ర యూనివర్సిటీలకు పెద్ద ఆధారం సర్కారు ఇచ్చే బ్లాక్ గ్రాంటు. అది శానమట్టుకు జీతాలకు, పెన్షన్లకే పోతది. రిటైరైనోళ్లు పెరుగుతరు, జీతాలు పెరుగుతయి. గ్రాంటు గంత పెరగకపోతే ఆ తేడా యూనివర్సిటీనే సంపాయించుకోవాలె. ఎట్ల? పరీక్ష ఫీజులు, అఫిలియేటెడ్ కాలేజీల ఫీజులు, దూరవిద్య, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు. గప్పుడు ఏమైతది? "ఈ కోర్సు ఎవలకు అక్కరకొస్తది" అనే సవాలు పోయి "ఈ కోర్సు ఎన్ని పైసలు తెస్తది" అనే సవాలు ముందటికొస్తది. పైసలే బాట సూపెడతయి.

ఇంకో తిప్పలు ఉన్నది. పర్మినెంట్ సార్ల పోస్టులు ఖాళీగ ఉంచితే ఖర్చు మిగిలినట్టు కనబడతది. కానీ కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల 100కు 30 పాళ్లు బోధన, వసతులకే. ఎంతమంది పిల్లలకు ఒక్క సారు అన్నది అండ్లనే లెక్కకొస్తది. సార్లు లేకుంటే ర్యాంకు పడతది, రీసెర్చ్ పడతది, ప్రాజెక్టుల పైసలూ తగ్గుతయి. మిగిలిందనుకున్నది రెండింతలు పోతది. పీఎం-ఉష అసొంటి కేంద్రం స్కీములు ఉన్నయి గద అంటరు. అండ్ల మన రాష్ట్రం గూడ 40 పాళ్లు పెట్టుకోవాలె. పైంగ ఆ పైసలు ఎక్కువమట్టుకు బిల్డింగులు, ల్యాబు సామాన్లకు. కొత్త ల్యాబు వస్తది, పాఠం చెప్పే సారు రాడు.

జాగ ముచ్చట 2025ల అందరం సూసినం. కంచ గచ్చిబౌలిల 400 ఎకరాలు మాదే అని సర్కారు అన్నది. అమ్మొద్దు, చెట్లు కొట్టొద్దు అని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు కొట్లాడిన్రు. ఏప్రిల్ 3న చెట్లు కొట్టుడు ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది. ఎవల వాదన ఎట్లున్నా నేర్సుకునేది ఒక్కటే: కాగితం మీద హద్దు గట్టిగ లేని జాగ మీద 50 ఏండ్ల ప్లాన్ నిలువది.

గిదంతా మనకెందుకు, పెద్ద సార్లు సూసుకుంటరు అనుకోకుండ్రి. యూనివర్సిటీ బడ్జెట్ దాసిపెట్టే కాగితం గాదు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం దాన్ని వాళ్లే బయట పెట్టాలె. పెట్టకపోతే 10 రూపాయల ఫీజుతోని దరఖాస్తు పెట్టుండ్రి. మూడే మూడు అడుగుండ్రి: గ్రాంటుల జీతాలు, పెన్షన్లు పోంగ మిగిలిందెంత? పర్మినెంట్ పోస్టులెన్ని, నిండినయెన్ని? హాస్టల్ సీట్లెన్ని, దరఖాస్తులెన్ని?

తమ్మీ, చెల్లే, రేపు అడ్మిషన్ కోసం లైన్ల నిలబడేది మీరే. ఆర్ట్స్ కాలేజీ ముందట ఫొటో దిగుండ్రి, తప్పు లేదు. కానీ ఆ తలుపు ఎన్క ఏం లెక్క నడుస్తున్నదో గూడ అడుగుండ్రి.