చేపాక్ బహుమతి ఎవరిది?



మన మద్రాసు తెలుగువారి ఇళ్లలో క్రికెట్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా తప్పకుండా లేచే పాత తగవు ఒకటుంది. 2001వ సంవత్సరంలో ఆస్ట్రేలియా జట్టును మట్టి కరిపించింది మన లక్ష్మణ్ కదా, మరి మ్యాన్ ఆఫ్ ది సీరీస్ బహుమతి హర్భజన్ సింగ్‌కు ఎలా వెళ్లింది అన్నది ఆ తగవు. మా పైవాటాలో ఉండే పెద్దాయన ఒకరు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే చాలు, "బండి లాగింది హైదరాబాదు ఎద్దు, బెల్లం పెట్టింది పంజాబు ఎద్దుకీనా?" అంటారు. ఆయనకు నేను ఇన్నాళ్లూ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగంలో ఆ జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. ఆయన ఒప్పుకుంటారో లేదో మరి.

ముందు జరిగిన సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం. అప్పటికి స్టీవ్ వా నాయకత్వంలోని ఆస్ట్రేలియా జట్టు వరసగా టెస్టులు గెలుచుకుంటూ వస్తోంది. మొదటి టెస్టు బొంబాయిలో మూడు రోజుల్లో ముగిసింది. పది వికెట్ల తేడాతో మనం ఓడిపోయాం. వాళ్లకది వరసగా 16వ గెలుపు. రెండో టెస్టు కలకత్తాలో. అక్కడ ఆస్ట్రేలియా 445 పరుగులు చేస్తే మనం 171కే కుప్పకూలాం. ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. అప్పుడు మూడో స్థానంలో దిగిన లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. ద్రావిడ్‌తో కలిసి 376 పరుగుల భాగస్వామ్యం. మార్చి 14వ తేదీన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరిలో ఒక్కరూ ఔట్ కాలేదు. మర్నాడు మనం 171 పరుగుల తేడాతో గెలిచాం. మొదటి ఇన్నింగ్స్‌లో మనం చేసినదీ 171, చివరికి గెలిచిన తేడా కూడా 171. ఇలాంటి చోద్యాలు క్రికెట్‌లో మామూలే.

ఇక మూడో టెస్టు మన చేపాక్‌లో, మార్చి 18 నుంచి 22 వరకు. చెరొకటి గెలిచి ఉన్నారు కాబట్టి సీరీస్ ఎవరిదో తేలవలసింది ఇక్కడే. ఆస్ట్రేలియా మూడు వికెట్లకు 340 దాకా వెళ్లింది. అక్కడ స్టీవ్ వా, తన మీంచి వికెట్ల వైపు పోతున్న బంతిని చేత్తో తోసి ఔటయ్యాడు. అంతే, మిగిలిన వాళ్లందరూ కలిసి 51 పరుగులే జోడించి 391కి ఆలౌట్ అయ్యారు. మాథ్యూ హేడెన్ ఒక్కడే 203 చేశాడు. మనవాళ్లు 501 చేశారు. వాళ్లు రెండోసారి 264 చేశారు. మనం గెలవడానికి 155 కావాలి. చిన్న మొత్తమే అనిపించింది గాని, ఎనిమిది వికెట్లు పోయాక గాని ఆ పని పూర్తి కాలేదు. లక్ష్మణ్ 66 దగ్గర కొట్టిన బంతిని మార్క్ వా గాలిలో పక్కకు దూకి పట్టేసుకున్నాడు. అప్పటికి చేయవలసిన పరుగులు ఇంకా ఉన్నాయి, చేసేవాళ్లే కరువైపోయారు. ఆ మధ్యాహ్నం ట్రాన్సిస్టర్ దగ్గర కూర్చున్న వాళ్లకు ఇంకా జ్ఞాపకం ఉండే ఉంటుంది.

మరి బహుమతుల సంగతి. బొంబాయిలో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఆడం గిల్‌క్రిస్ట్, 122 పరుగులకు. కలకత్తాలో లక్ష్మణ్. చేపాక్‌లో హర్భజన్. సీరీస్ మొత్తానికి కూడా హర్భజనే. ఇక్కడ గిల్‌క్రిస్ట్ అంకెలు ఒకసారి వరసగా చెబుతాను, వినండి. 122, సున్న, సున్న, ఒకటి, ఒకటి. ఒక మ్యాచ్‌కి ఇచ్చే బహుమతి వేరు, సీరీస్ మొత్తానికి ఇచ్చేది వేరు అని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు.

అసలు ఈ బహుమతిని ఎవరు నిర్ణయిస్తారు? సాధారణంగా వ్యాఖ్యానానికి వచ్చిన మాజీ ఆటగాళ్లు, ఒకరో ఇద్దరో ముగ్గురో, ఆట ముగిసే వేళకు కూడబలుక్కుని ఒక పేరు చెబుతారు. పరుగుకు ఇన్ని మార్కులు, వికెట్టుకు ఇన్ని మార్కులు అనే పట్టిక ఏదీ ఉండదు. ఎవరు ఎవరికి ఓటు వేశారో, రెండో స్థానంలో ఎవరున్నారో మనకు చెప్పరు. అందువల్లనే మన ఇళ్లలో తగవు తెగదు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి జాతీయ క్రీడ బేస్‌బాల్. మన క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోవచ్చు. బంతి విసిరేవాడు, కర్రతో కొట్టేవాడు, పట్టుకునేవాళ్లు, అంతా ఉంటుంది. అక్కడ సీజన్ ముగిశాక అత్యంత విలువైన ఆటగాడు ఎవరన్నది ఆ ఆట గురించి పత్రికల్లో రాసే విలేఖరులు ఓటు వేసి తేలుస్తారు. ఒక్కొక్కరూ ఒక్క పేరు కాదు, వరస క్రమంలో పది పేర్లు రాయాలి. మొదటి పేరుకు 14 పాయింట్లు, రెండో పేరుకు 9, మూడోదానికి 8, అలా తగ్గుతూ పదో పేరుకు ఒకటి. అన్నీ కూడి, ఎవరికి ఎన్ని వచ్చాయో బహిరంగంగా ప్రకటిస్తారు. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య అయిదు పాయింట్ల తేడా ఎందుకు పెట్టారో గమనించండి. రెండో పేరు ఎన్ని చీటీల్లో ఉన్నా, మొదటి పేరుగా ఎన్నుకున్నవాళ్ల మాటకు బరువు ఎక్కువ ఉండాలని.

అలాగని అక్కడ తగవులు లేవా అంటే, మన కంటే ఎక్కువే ఉన్నాయి. 1941లో టెడ్ విలియమ్స్ అనే ఆటగాడి సగటు నాలుగు వందల ఆరుకు చేరింది. వాళ్ల లెక్కలో వెయ్యికి ఇన్ని అని చెబుతారు. ఆ తరవాత నాలుగు వందలు దాటిన సీజన్ అతను ఆడిన లీగులో ఎవరికీ దక్కలేదు. అయినా బహుమతి వరసగా 56 ఆటల్లో బంతిని విజయవంతంగా కొట్టిన జో డిమాజియోకు వెళ్లింది. డిమాజియో జట్టు ఆ ఏడాది గెలిచిన జట్టు. మళ్లీ 1947లో అదే ఇద్దరి మధ్య పోటీ. డిమాజియోకు 202 పాయింట్లు, విలియమ్స్‌కు 201. ఒక్కటంటే ఒక్క పాయింటు. అంకెలు బాగున్నవాడు గొప్పవాడా, జట్టును గెలిపించినవాడు గొప్పవాడా అన్న ప్రశ్న వాళ్లనూ వదలలేదు.

మన చేపాక్ మైదానం కూడా ఈ ప్రశ్నను చాలాసార్లు చూసింది. 1986 సెప్టెంబరులో ఇక్కడే ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టు టై అయింది. ఆ ఎండలో, ఆ ఉక్కలో వాంతులు చేసుకుంటూ డీన్ జోన్స్ 210 పరుగులు చేశాడు. కపిల్ దేవ్ 119 చేశాడు. గ్రెగ్ మాథ్యూస్ ఒక్కొక్క ఇన్నింగ్స్‌లో అయిదేసి, మొత్తం పది వికెట్లు తీశాడు. చివరి వికెట్టూ అతనిదే. బహుమతిని జోన్స్‌కూ కపిల్‌కూ కలిపి పంచారు. మాథ్యూస్‌కు దక్కలేదు. నా మట్టుకు అది అన్యాయం అనిపిస్తుంది.

1999 జనవరిలో పాకిస్తాన్‌తో టెస్టు. 271 కావలసి ఉండగా సచిన్ టెండూల్కర్ నడుము నొప్పితోనే 136 చేశాడు. అతను ఔటైనప్పుడు ఇంక 17 పరుగులే కావాలి, మూడు వికెట్లున్నాయి. ఆ మూడూ నాలుగు పరుగుల్లో పడిపోయాయి. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. పాకిస్తాన్ స్పిన్నర్ సక్లైన్ ముస్తాక్ పది వికెట్లు తీశాడు, అతని జట్టే గెలిచింది. అయినా బహుమతి ఓడిన జట్టులోని సచిన్‌కు ఇచ్చారు. ఆ రోజు చేపాక్ జనం లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకు చప్పట్లు కొట్టిన సంగతి లోకమంతా చెప్పుకుంది. బహుమతి ఇచ్చినవాళ్లు మాత్రం ఆ రోజు పరుగుల వైపే మొగ్గారు. బ్యాట్స్‌మన్ చేసినది కంటికి కనిపిస్తుంది, బౌలర్ చేసినది లెక్క వేస్తే గాని తెలియదు. రెండుసార్లు అలా జరిగిన మైదానంలో, 2001లో మాత్రం బౌలర్ వైపు తీర్పు వచ్చింది.

అది సరైన తీర్పేనా? లెక్క చూద్దాం. ఆ సీరీస్‌లో హేడెన్ 549 పరుగులు చేశాడు, అందరికంటే ఎక్కువ. లక్ష్మణ్ 503. హర్భజన్ 32 వికెట్లు తీశాడు. బొంబాయిలో 4, కలకత్తాలో 13, చేపాక్‌లో 15. కలకత్తాలోనే పాంటింగ్, గిల్‌క్రిస్ట్, వార్న్‌లను వరస బంతుల్లో ఔట్ చేసి, టెస్టుల్లో హ్యాట్రిక్ తీసిన మొదటి భారతీయుడయ్యాడు. అప్పటికి వయసు 20. భుజానికి దెబ్బ తగిలి అనిల్ కుంబ్లే ఆడలేని పరిస్థితి కాబట్టి జట్టు బరువంతా ఈ కుర్రవాడి మీద పడింది.

ఇప్పుడు అసలు అంకె. మూడు టెస్టుల్లో కలిపి ఆస్ట్రేలియా కోల్పోయిన వికెట్లు 50. అందులో 32 హర్భజన్‌వి. అతని తరవాత మన బౌలర్లలో ఎవరికైనా దక్కినవి ఎన్నో తెలుసునా? మూడు. మూడుకు మించి ఇంకెవరూ తీయలేదు. ఆ మూడు తీసిన వాళ్లలో ఒకడు సచిన్ టెండూల్కర్ అంటే మన బౌలింగ్ ఎలా ఉందో ఊహించుకోండి.

పరుగుల సంగతి అలా కాదు. చేపాక్‌లో మనం చేసిన 501లో సచిన్‌వి 126, శివసుందర్ దాస్‌వి 84, ద్రావిడ్‌వి 81, లక్ష్మణ్‌వి 65, మన ఊరి కుర్రవాడు సడగోపన్ రమేష్‌వి 61. ఒకరు తప్పితే ఇంకొకరు ఆదుకున్నారు. కలకత్తాలో లక్ష్మణ్ పక్కన 180 చేసిన ద్రావిడ్ ఉన్నాడు. హర్భజన్ పక్కన ఎవరూ లేరు. అతన్ని తీసేస్తే మిగిలిన బౌలర్లు ఆస్ట్రేలియాను రెండుసార్లు ఆలౌట్ చేయగలిగేవారని నేను అనుకోను. టెస్టు గెలవాలంటే ఇరవై వికెట్లూ తీయక తప్పదు కదా.

దీనికి మా పైవాటా పెద్దాయన జవాబు నాకు తెలుసు. "ఆ 281 లేకపోతే చేపాక్ టెస్టుకు విలువే లేదు కదయ్యా, సీరీస్ కలకత్తాలోనే పోయేది" అంటారు. నిజమే. ఒక్క ఇన్నింగ్స్‌ను తూచవలసి వస్తే లక్ష్మణ్ ఆడినదానికి సాటి లేదు. ఆ 281తో అతను చెరిపేసిన భారత రికార్డు కూడా చేపాక్‌లో పుట్టినదే. 1983 డిసెంబరులో వెస్టిండీస్ మీద సునీల్ గవాస్కర్ ఇక్కడే 236 చేసి నాటౌట్‌గా నిలిచాడు. తరవాతి కాలంలో 2008లో వీరేంద్ర సెహ్వాగ్ ఇదే మైదానంలో 319 చేశాడనుకోండి. కాని బహుమతి సీరీస్ మొత్తానికి. కలకత్తా, చేపాక్ రెండు చోట్లా గెలుపులో హర్భజన్ చెయ్యి ఉంది, అదీ నాలుగు ఇన్నింగ్స్‌లోనూ.

లక్ష్మణ్‌కు దక్కవలసినది మరోచోట దక్కింది. ఇంగ్లాండులో ఏటా వెలువడే విజ్డెన్ గ్రంథం ఏడాదికి అయిదుగురు క్రికెటర్లను ఎంపిక చేస్తుంది. అక్కడ ఓట్లు లేవు, సంపాదకుడి నిర్ణయమే. సాధారణంగా ఇంగ్లాండు వేసవిలో ఆడినవాళ్లకే ఆ గౌరవం దక్కేది. 2002 సంచికలో లక్ష్మణ్ పేరు చేరింది, స్వదేశంలో ఆడిన ఆటకు. 1933లో నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు అదే జాబితాలో ఉన్నారు. హర్భజన్‌కు ఆ జాబితాలో ఎన్నడూ చోటు రాలేదు. పెద్దాయనకు ఈ మాట చెబితే కాస్త శాంతిస్తారేమో.

సరే, అమెరికా పద్ధతిలో నా చేతికి ఓటు చీటీ ఇస్తే నేను రాసే పేర్లు ఇవి. హర్భజన్‌కు 14, లక్ష్మణ్‌కు 9, హేడెన్‌కు 8. నాలుగో పేరు 17 వికెట్లు తీసిన మెక్‌గ్రాత్. ఆ తరవాత సచిన్, ద్రావిడ్, గిలెస్పీ, స్టీవ్ వా, దాస్. పదో పేరు దగ్గర చాలామంది ఆగి ఆలోచిస్తారు. నేను ఆగను. సమీర్ దిఘే.

ఎవరీ దిఘే అంటారా? 32 ఏళ్ల వయసులో చేపాక్‌లోనే మొదటి టెస్టు ఆడిన వికెట్ కీపర్. ఆడినవి మొత్తం ఆరు టెస్టులు. ఆ చివరి మధ్యాహ్నం అవతలి వైపు వికెట్లు పడుతుంటే ఇతను 22 పరుగులతో నాటౌట్‌గా నిలబడ్డాడు. ఆఖరికి మెక్‌గ్రాత్ బంతిని ఆఫ్ వైపు నెట్టి రెండు పరుగులు తీసినవాడు హర్భజన్. కెమెరాలన్నీ అటే తిరిగాయి. రెండో పరుగు కోసం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తినవాడు దిఘే. అతనికి ఒక పాయింటు.